డాక్టరు గారి గిద్దలూరు శాఖ

మార్కాపురం,
3 మార్చి 2025

చిరంజీవి ఫణికృష్ణకు బావ ఆశీస్సులు.

ఇక్కడ మీ అక్క క్షేమం, దుకాణం క్షేమం, నా ఫోన్ బీరువాలో క్షేమం. తాళంచెవి మీ అక్క కొంగుకు ఉంది. ఈ రోజుల్లో కాగితం మీద రాస్తున్నాడేమిటా అని నవ్వుతున్నావు కదూ, నవ్వుకో. గిద్దలూరు బస్సు కండక్టరు విశ్వాసం మన దగ్గరే సరుకులు కొంటాడు. అతని చేతికిస్తే మధ్యాహ్నానికి నీ పైపుల దుకాణం గల్లా మీద ఉంటుంది. మీ అక్క ఫోన్‌కు మాత్రం చెయ్యకు, స్పీకరు పెట్టి తానే వింటుంది.

శిక్ష ఎందుకు పడిందంటే, కర్పూరం అడిగినామెకు ఫోన్ చూసుకుంటూ పటికబెల్లం పొట్లం కట్టి ఇచ్చానట. ఆమె ఇంటికి పోయి హారతి పళ్ళెంలో దాన్ని వెలిగించలేక తిరిగొచ్చి మీ అక్కతో చెప్పింది. శ్రీరామనవమి దాకా ఫోన్ ముట్టకూడదని తీర్పు వచ్చింది. సరేలే, నేను ముట్టాల్సినంత ముట్టాను. యుద్ధం గెలిచాకే ఆయుధం పోయింది.

ఆ యుద్ధం సంగతి విను. వాట్సాప్‌లో ‘పడమటి చావడి’ గ్రూపు తెలుసు కదా, గొడవలెక్కువని నువ్వు తప్పుకున్నదే. అందులో సింధూజ అని ఒక అమ్మాయి పెద్ద వ్యాసం పెట్టింది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలంలో తిరిగితే నీళ్ళున్న చోట అది లేచి నిలబడుతుందనేది వట్టి భ్రమ, దాన్ని నమ్ముకుని బోర్లు వేయించి మునిగిపోకండి అని. టెంకాయను అంటే నన్ను అన్నట్టే. మార్కాపురంలో బోరు పూజకు టెంకాయలు ఎక్కడ కొంటారు? నేను దిగాను. మాటకు మాట, పూటంతా సాగింది. చివరికి ఆ పిల్ల, “సార్, నేను భూగర్భజలాల మీద ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు డాక్టరేటు చేస్తున్నాను. మీ అర్హత ఏమిటో తెలుసుకోవచ్చా?” అని అడిగింది.

దానికి నేనేం రాశానో చూడు. “అమ్మా, తమరు ఇంకా చేస్తున్నారు, నేను చేసి దిగినవాణ్ణి. టెంకాయ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా, బంగారు పతకం. మా గిద్దలూరు శాఖాధిపతి ఫణికృష్ణ గారు, పైపుల దుకాణం. చోటు గుర్తించి ఇచ్చే బాధ్యత వారిదే.” అంతే, గ్రూపు గ్రూపంతా పడి పడి నవ్వింది. అందరూ నన్ను డాక్టరు గారూ డాక్టరు గారూ అనడం మొదలుపెట్టారు. నేను కూడా ఊరుకోకుండా నా పేరు ముందు డాక్టరని పెట్టుకున్నాను. సాయంత్రానికి ఆ అమ్మాయి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఇంత సంబరం నా జీవితంలో ఎప్పుడూ పడలేదురా.

నీకిచ్చిన ప్రమోషన్‌కు కృతజ్ఞతగా ఏం పంపిస్తావో రాయి.

నీ బావ,
డా॥ రాధాకృష్ణమూర్తి


గిద్దలూరు,
6 మార్చి

మహారాజశ్రీ డాక్టరు బావగారికి శాఖాధిపతి సాష్టాంగ నమస్కారాలు.

మీ ఉత్తరం అందిన రెండో రోజే మీ మనిషి కూడా అందాడు. బావా, మీరు మామూలువారు కాదు. నిరుడు పన్నుల ఆఫీసరని చెప్పి మీ స్నేహితుణ్ణి నా మీదికి పంపితే, నేను బాదంపాలు తెప్పించి చేతులు కట్టుకుని నిలబడ్డాను. అది చెప్పుకుని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నవ్వుతారు. ఈసారి నేను మోసపోలేదు. అడుగు పెట్టగానే పసిగట్టాను.

మధ్యాహ్నం ఒకతను వచ్చి చెప్పులు బయట విడిచి, “అన్నా, డాక్టరు గారి శాఖ ఇదేనా?” అన్నాడు. నవ్వు ఆపుకోవడానికి కౌంటర్ కిందికి వంగి పైపు ముక్క వెతుకుతున్నట్టు నటించాను. పేరు ఎజ్రా అట. కొమరోలు దగ్గర పల్లె. నాలుగేళ్ళ బత్తాయి తోట, ఈ ఎండాకాలం గడిస్తే కాపుకొస్తుందట, ఉన్న రెండు బోర్లూ ఎండిపోయాయట. ఆ గ్రూపులో కొత్తగా చేరాడట. మీరు ఒక ఆఫీసరమ్మను అర్హతలతో ఓడించడం చదివి, ఇంత పెద్ద చదువు చదివిన మనిషి మన మార్కాపురంలోనే ఉన్నాడా అనుకున్నాడట. “గొర్రెలూ మేకలూ, ఉన్న జీవాలన్నీ అమ్మేసినానన్నా. ఇది ఆఖరి బోరు. డాక్టరు గారు ఎక్కడ ఏమంటే అక్కడ ఏస్తాను” అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బావా, ఎక్కడ పట్టారు ఆ మనిషిని? మన పరిషత్తు నాటకాల్లో అటువంటి నటుడు లేడు.

నేను కూడా తగ్గలేదు. అట్టపెట్టె చింపి పొలం బొమ్మ గీయమన్నాను. కళ్ళు మూసుకుని, వేళ్ళు లెక్కపెట్టి, ఈశాన్య మూలలో చుక్క పెట్టి, “డాక్టరు గారి లెక్క ప్రకారం సరిగ్గా ఇక్కడ” అన్నాను. పసుపు రాసిన టెంకాయ కూడా చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. “మేము ప్రార్థన చేసుకుంటామన్నా, టెంకాయ కొట్టం. చోటు చెప్పినావు, చాలు” అన్నాడు. ఆ చిన్న ముక్క కూడా మరవకుండా నేర్పించి పంపారు చూడండి, అక్కడ మీకు దండం పెట్టాను. అట్టముక్క మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాడు. పోయే ముందు బోరు బండి వచ్చే గురువారానికి మాట్లాడుకున్నానని కూడా అన్నాడు.

ఈ పందెంలో నేను గెలిచాను. ఒప్పుకుంటూ ఉత్తరం రాయండి. అక్కకు నమస్కారాలు.

మీ బావమరిది,
ఫణికృష్ణ


మార్కాపురం,
7 మార్చి

ఒరే ఫణీ,

ఆ ఎజ్రా ఎవరో నాకు తెలియదు. నేను ఎవరినీ పంపలేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గల్లా దగ్గరే కూలబడితే మీ అక్క మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

వెంటనే పక్క బట్టల దుకాణం వాళ్ళ ఫోన్ అడిగి నీకు చేశాను. “ఒరే, వాడు నిజం మనిషిరా, నిజంగా బోరు వేస్తాడురా” అని అరిస్తే నువ్వు నవ్వి, “బావా, గొంతు బాగా వణికించారు” అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇది ఆట కాదు. ఇప్పుడే కొమరోలు బస్సెక్కి అతని పల్లె వెతికి, డాక్టరూ లేడు, లెక్కా లేదు, ఆ చుక్క ఉత్తదే అని చెప్పి రా.

లేని డాక్టరును నమ్ముకుని ఒక మనిషి జీవాలు అమ్ముకున్నాడు. నాకు అన్నం దిగడం లేదు.

బావ


గిద్దలూరు,
8 మార్చి

బావగారికి,

అన్నం దిగడం లేదని రాశారు. మీకు అన్నం దిగకపోతే ఆ రోజు సూర్యుడు పడమటి నుంచి లేవాలి. నా పెళ్ళిలో కూడా ఇలాగే, ముహూర్తానికి ముందు తాళిబొట్టు కనబడటం లేదని నన్ను పరిగెత్తించి, మీ జేబులోంచి తీసి చూపించారు. అప్పుడు కూడా మీ గొంతు ఇట్లాగే వణికింది. మా నాయన ఆ రోజు ఆయాసం తెచ్చుకున్నాడు, అయినా మిమ్మల్ని ఏమీ అనలేదు. బావవరస కాబట్టి చెల్లిపోయింది.

నేను మాత్రం కదలను. నేను ఎండలో కొమరోలు బస్సెక్కి, ఊరూరా ఎజ్రా ఎజ్రా అని తిరుగుతూ ఉంటే, మీరు మీ స్నేహితులతో ఏ టీ అంగట్లోనో కూర్చుని ఆ తమాషా చూడాలని మీ ఎత్తు. బాగా అల్లారు కానీ ఈసారికి పారలేదు.

ఇంకో సంగతి. మీ నటుడు నిన్న దుకాణం బోర్డు మీది నంబరుకు ఫోన్ చేశాడు. డాక్టరు గారికి వందనాలు చెప్పమన్నాడు. ఈశాన్య మూలలో ముళ్ళకంప కొట్టి బోరు బండి రావడానికి దారి కూడా చేసుకున్నాడట. వాళ్ళావిడ లీదియా ఉపవాస ప్రార్థనలో ఉందట. శాఖాధిపతిగా ఆశీర్వదించి పెట్టేశాను.

ఓటమి ఒప్పుకునేదాకా నేను ఉత్తరం రాయను.

ఫణి


మార్కాపురం,
10 మార్చి

ఫణీ,

మీ అక్క ఫోన్‌తో చేసినా నేనే అనుకుని నువ్వు ఎత్తలేదు. ముందు ఈ కాగితం అడుగున ఎవరి చేతిరాత ఉందో చూసి, తర్వాత పైనుంచి చదువు.

చూశావా? మీ అక్క పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఎకసెక్కం ఆడలేదని నీకు నాకన్నా బాగా తెలుసు. ఇప్పుడు కూర్చుని చదువు.

నిన్న నేను ఆ సింధూజ ఇంటికి వెళ్ళాను. రాచర్ల వైపు పిల్ల, ఇక్కడ బస్టాండు వెనక అద్దెకు ఉంటూ చుట్టుపక్కల నీటి సర్వేలు చేస్తుంది. మీ అక్కే వాకబు చేసి, నన్ను ముందు పెట్టుకుని తీసుకుపోయింది. దారి పొడుగునా నేనేం చెప్పాలో అనుకుంటూ పోయాను. తలుపు తీసింది మా మనవరాలు గోపిక వయసు పిల్లరా. గోపికను ఎవడైనా నలుగురిలో అట్లా నవ్వులపాలు చేస్తే నేను వాణ్ణి ఊరుకునేవాణ్ణా? వంగి చెప్పులు విడుస్తూ ఉండిపోయాను. మీ అక్కే చెప్పింది, టెంకాయ డాక్టరు ఈయనేనమ్మా అని.

ఆ పిల్ల తిడుతుందనుకున్నాను. ముఖమంతా ఆశ్చర్యంగా పెట్టి, “సార్, మీరు నిజంగా డాక్టరు కారా?” అంది. ఏదో యూనివర్సిటీలో చేసి రిటైరైన పెద్దాయన, నా చదువును వెటకారం చేస్తున్నాడు, అంతటివారితో వాదమెందుకని తప్పుకుందట. అంటే ఆమె కూడా నమ్మిందిరా. నేను పదో తరగతి, అది కూడా లెక్కల్లో తప్పి రెండోసారి రాసింది అని చెప్పాను. క్షమించానని అనలేదు, క్షమించలేదనీ అనలేదు.

ఎజ్రా సంగతి చెప్పగానే మాత్రం లేచి నిలబడింది. కొమరోలులో ఎటువైపు, వాన నీళ్ళు పారే వంక ఎంత దూరం, పాత బోర్లు ఎక్కడ వేశాడు అని ప్రశ్న మీద ప్రశ్న. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. “అటు కింద అంతా పలకరాయి సార్. ఊరికే ఒక మూల పట్టుకుని పొడిస్తే పొడి దుమ్మే వస్తుంది. బండి వచ్చేలోపల నేను చూడాలి” అంది. రేపూ బుధవారమూ ఆమెకు ఇంకో ఊళ్ళో పని ఉందట, గురువారం పొద్దున మొదటి బస్సులో గిద్దలూరు దిగుతుంది. ఈ మోకాళ్ళతో నేను ఆ దారిన రాలేను, నీ మీదే భారం పెడుతున్నాను. ఆమెను నీ బండి మీద ఎక్కించుకుని అక్కడికి చేర్చు. బోరు బండి వాళ్ళు మొదలుపెట్టకముందే చేరాలి. ముందే ఎజ్రాకు ఫోన్ చేసి ఆపు, నీకు చేశాడు కాబట్టి నంబరు నీ దగ్గర ఉంటుంది.

బావ

తమ్ముడూ, ఈయన రాసిందంతా నిజం. నేను దగ్గరుండి చూసినాను. పో. — అక్క


గిద్దలూరు,
14 మార్చి

బావా,

అక్క రాత చూశాక మీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చదివాను. అతను ఫోన్‌లో లీదియా ఉపవాసం ఉందని చెప్తుంటే నేను ఆశీర్వదించాను. ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. వెంటనే ఫోన్ చేసి, ఆపు ఎజ్రా, డాక్టరంటే అది ఎగతాళి అన్నాను. అతను నవ్వాడు. “మీరు తమాషా మనుషులన్నా, డాక్టరు గారే మిమ్మల్ని తన శాఖాధిపతి అని గ్రూపులో రాసినారు గదా” అన్నాడు. నేను మీకు చేసిందే అతను నాకు చేశాడు బావా. పొలానికి దారి మాత్రం అడిగి రాసుకున్నాను.

నిన్న పొద్దున సింధూజ గారు బస్సు దిగేసరికి నేను స్టాండులోనే ఉన్నాను. భుజాన ఒక పెట్టె, చేతిలో ఇనుప మేకుల సంచి. టీ కూడా వద్దంది. కొమరోలు దాటి మట్టిదారి పట్టాక దూరం నుంచి బోరు బండి కనిపించింది. గొట్టం పైకి లేపి ఈశాన్య మూలలో నిలబెట్టేశారు. నేను పెట్టిన చుక్కే. మేము ఇంకా గట్టు ఎక్కకముందే ఇంజన్ చప్పుడు మొదలైంది. నేను మోటారు సైకిల్ పడేసి, చెయ్యి ఊపుకుంటూ బత్తాయి చెట్ల మధ్య పరిగెత్తాను. ఇంతకుముందు ఎప్పుడు పరిగెత్తానో కూడా గుర్తు లేదు, ఈ పొట్టతో. డ్రైవరు నన్ను చూసి ఏదో ప్రమాదమనుకుని ఆపేశాడు.

ఎజ్రా ఎదురొచ్చాడు. ఊపిరాడక నేను ఏమీ చెప్పలేకపోతుంటే, సింధూజ గారు నెమ్మదిగా వచ్చి, “డాక్టరు గారు పంపారు, మళ్ళీ ఒకసారి పరీక్ష చేయమన్నారు” అంది. నాకు దిమ్మ తిరిగింది. తర్వాత అడిగితే, నిజం చెప్పి ఒప్పించేసరికి బండి వాడు సగం తవ్వేస్తాడు, ఆ పేరుకే ఈ మనిషి ఆగుతాడు అంది. మిమ్మల్ని తిట్టుకోవాల్సిన పిల్ల మీ దొంగ పట్టాను వాడి అతని బోరు ఆపింది.

తర్వాత చూడాలి ఆమె పని. మేకులు దిగ్గొట్టి, వైర్లు కలిపి, పెట్టెలో అంకెలు చూస్తూ పొలమంతా తిరిగింది. బోరు బండి వాళ్ళు ఇంకో చోటికి పోవాలని విసుక్కుంటున్నారు. ఎండ మాడుతోంది. ఈశాన్య మూల దగ్గర తల అడ్డంగా ఊపింది. పాత బోర్ల పక్కన అడ్డంగా ఊపింది. వంక గట్టు దగ్గర రాళ్ళు ఒరిగి ఉన్న చోట కూర్చుని మళ్ళీ మళ్ళీ చూసి, అక్కడ సున్నం చల్లించింది. “ఖాయమని చెప్పను. ఉంటే ఇక్కడే ఉండాలి” అని ఎజ్రాతో అంది. ఖాయమని నేను ఎంత సులువుగా చెప్పానో గుర్తొచ్చి తల దించుకున్నాను.

బండి జరిపి మొదలుపెట్టారు. తెల్ల దుమ్ము. ఇంకా తెల్ల దుమ్మే. లీదియా మోకాళ్ళ మీద కూర్చుంది, లేవలేదు. ఎజ్రా గొట్టాలు లెక్కపెడుతున్నాడు. నాకు మాటిమాటికీ అతని జీవాలు లేని దొడ్డి కనిపిస్తోంది, అటు చూడకూడదని ఇటు తిరిగి నిలబడ్డాను. ఆపేద్దామా అని డ్రైవరు అడిగాడు. సింధూజ గారు ఇంకో గొట్టం దించమంది. సగం దిగగానే దుమ్ము రంగు మారింది. నల్లగా, తడిగా, ముద్దలు ముద్దలుగా ఎగిరింది. ఆ తర్వాత నీళ్ళు బావా, బురద నీళ్ళు చిమ్మి నా చొక్కా, ఆ పిల్ల పెట్టె, అందరి ముఖాలూ తడిపేశాయి. రెండించుల నీళ్ళు. మహా ఎక్కువేం కాదట, తోట బతకడానికి చాలట. నేను చిన్నపిల్లాడిలా గెంతాను. సింధూజ గారు కూడా నవ్వింది. ఎజ్రా మాత్రం ఏడ్చాడు.

ఒక్కటే ముల్లు. అతను ఊరందరికీ ఫోన్ చేసి చెబుతున్నది, మార్కాపురం డాక్టరు గారి లెక్క తప్పలేదు, వాళ్ళ అసిస్టెంటమ్మ వచ్చి సవరించి పోయింది అని. సింధూజ గారి ఎదురుగానే. నిజం చెప్పబోతే, ఇవాళ వద్దు, సంతోషంగా ఉన్నారు అని ఆమే ఆపింది. ఇది మీరే చక్కబెట్టాలి.

ఫణి


మార్కాపురం,
19 మార్చి

ఫణీ,

నీ ఉత్తరం మీ అక్కకు గట్టిగా చదివి వినిపించాను. నీళ్ళు పడిన చోట ఇద్దరమూ లేచి నిలబడ్డాం. దుకాణంలో ఉన్న నలుగురికీ పటికబెల్లం పంచాను, ఈసారి తెలిసే.

అప్పుడు మీ అక్క బీరువా తీసి ఫోన్ నా చేతిలో పెట్టింది. “దీంట్లో చేసిన పని దీంట్లోనే సరిచేయండి” అంది. కూర్చుని, ఒక్కో అక్షరం ఏరి రాశాను. నేను డాక్టరును కాను, పదో తరగతి చదివి టెంకాయలు అమ్ముకునేవాణ్ణి, ఎజ్రా పొలంలో నీళ్ళు చూపించింది సింధూజ గారు, ఆమెను అవమానించినందుకు అందరి ముందూ క్షమించమని అడుగుతున్నాను అని. పేరు ముందు డాక్టరు కూడా తీసేశాను.

ఏమైందనుకున్నావు? నవ్వుల వాన. డాక్టరు గారి వినయం చూడండి అని ఒకడు. నీళ్ళు పడ్డాక కూడా గర్వం లేదు అని ఇంకొకడు. టెంకాయ మీద ఇంకో బంగారు పతకం ఇవ్వాలని మరొకడు. కొనకనమిట్ల నుంచి ఎవరో సాగర్ అట, సార్ మా పొలానికి ఎప్పుడొస్తారు అని అడిగాడు. నిజమయ్యా బాబూ అని నేను రాసిన ప్రతిసారీ ఇంకా ఎక్కువ నవ్వారు. ఫోన్ తీసుకుపోయి మీ అక్కకే ఇచ్చేశాను.

ఇవాళ పొద్దున ఎజ్రా, లీదియా దుకాణానికి వచ్చారు. నన్ను చూడటం ఇదే మొదలు. సంచీలో పెసలు తెచ్చారు. ఆదివారం పొలంలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారట, డాక్టరు గారు వచ్చి నాలుగు మాటలు చెప్పాలట. నేను ఇద్దరినీ కూర్చోబెట్టి, నేను కూడా కింద కూర్చుని, మొదటి నుంచి అంతా చెప్పాను. ఆ అమ్మాయితో వాదం, టెంకాయ విశ్వవిద్యాలయం, నువ్వు అతన్ని నటుడనుకోవడం, అట్టముక్క మీద చుక్క. ఏదీ దాచలేదు.

ఎజ్రా నవ్వలేదు. నీళ్ళు పడ్డాక నా మాట నమ్మిన మొదటి మనిషి అతనే.

“అయితే ఆ రోజు మీరూ మీ బామ్మర్దీ నన్ను చూసి నవ్వుకున్నారా అన్నా?” అని అడిగాడు.

నవ్వుకున్నాం అన్నాను. లీదియా ముఖం పక్కకు తిప్పుకుంది. మీ అక్క ఇచ్చిన మంచినీళ్ళు అతని చేతిలోనే ఉన్నాయి, తాగలేదు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఆఖరికి గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

“అయినా మీరు రావాల్సిందే. మా ఊళ్ళో యేసుమణీ కాశమ్మా కూడా బోర్లకని ఈశాన్య మూలల్లో రాళ్ళు పాతుకున్నారు, డాక్టరు గారి లెక్కని నేనే చెప్పినాను. ఇప్పుడు నేను కాదంటే నమ్మరు. మీరే వచ్చి మీ నోటితో చెప్పండి” అన్నాడు.

మోకాళ్ళు ఉన్నా లేకపోయినా వస్తానన్నాను. సింధూజ గారిని కూడా అడిగాను, వస్తానంది. ఆమె మాట్లాడాక నేను లేస్తాను. నువ్వు నా పక్కన నిలబడాలి. మనిద్దరం ఏ పెళ్ళిలోనూ, ఏ చావులోనూ పక్కపక్కన నిలబడి నవ్వకుండా ఉన్నది లేదు. నా ముఖం చూస్తే నీకు నవ్వొస్తుంది, నువ్వు నవ్వితే నేను నవ్వుతాను, మనం నవ్వితే ఆ ఊరు కూడా దీన్ని ఆట అనుకుని నవ్వేస్తుంది. ఆ రాళ్ళ దగ్గరికి మళ్ళీ బోరు బండి వస్తుంది.

అందుకే నా వైపు చూడకు. నవ్వొస్తే ఎజ్రా ముఖం చూడు.

నీ బావ,
రాధాకృష్ణమూర్తి